విప్పి పంపిన విమానం: ముడుచుకునే చక్రాలు, చెక్కపెట్టెలు, చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:

• విమానాలను విప్పి, పెట్టెల్లో పెట్టి పంపే పద్ధతి ఎలా మొదలైందో వివరించగలుగుతారు.
• లోపలికి ముడుచుకునే ల్యాండింగ్ గేర్ వచ్చాక ఆ పద్ధతిలో వచ్చిన మార్పును గుర్తించగలుగుతారు.
• భారతదేశ విమాన పరిశ్రమ తొలి దశలో విడిభాగాల కూర్పుకు ఉన్న స్థానాన్ని అంచనా వేయగలుగుతారు.
• ఒక నమూనా విమానాన్ని రవాణాకు సిద్ధం చేసే క్రమాన్ని కారణాలతో సహా చెప్పగలుగుతారు.

9.1 పరిచయం

విమానాల చరిత్ర అనగానే మనకు వాటిని నడిపినవారి పేర్లు గుర్తుకు వస్తాయి. ఎవరు మొదట ఎగిరారు, ఎంత దూరం ఎగిరారు, ఏ సంవత్సరంలో ఎగిరారు అన్నవే పరీక్షల్లో అడిగే ప్రశ్నలు. అయితే ప్రతి విమానానికీ మరో ప్రయాణం కూడా ఉండవచ్చు. ఎగరడానికి ముందు అది ఓడలోనో రైలులోనో సరుకుగా వెళ్లి ఉండవచ్చు. ఎగరడం మానేసిన తరువాత లారీ మీద మ్యూజియానికి చేరవచ్చు. అప్పుడు దానిని నడిపేది పైలట్ కాదు. స్పానర్ పట్టిన మెకానిక్కు, పెట్టె కట్టిన వడ్రంగి, బరువు ఎత్తిన కూలీ దానిని గమ్యం చేరుస్తారు.

ఈ రెండో ప్రయాణమే ఈ పాఠ్యభాగానికి విషయం. దీనిని చిన్న ఉదాహరణతో మొదలుపెడదాం. మీరు విజయనగరం జిల్లా కొత్తవలసలో ఉంటున్నారనుకోండి. మీ దగ్గర ఒకటిన్నర మీటరు రెక్కలున్న నమూనా విమానం ఉంది. దాని చక్రాలు నిజమైన విమానంలో లాగే రెక్కల్లోకి ముడుచుకుంటాయి. దానిని హైదరాబాదులో జరిగే ప్రదర్శనకు పంపాలి. రెక్కలు విప్పాలా, చక్రాలు బయట ఉంచాలా, లోపలికి ముడవాలా, బరువు దేనిమీద ఆనించాలి అన్న ప్రశ్నలు మీకు వస్తాయి. గత వందేళ్లకు పైగా నిజమైన విమానాలను పంపినవారికి ఎదురైనవీ ఈ ప్రశ్నలే. వారి అనుభవం తెలిస్తే మీ పెట్టె బాగా కట్టగలుగుతారు. మీ పెట్టె కట్టి చూస్తే వారి చరిత్ర బాగా అర్థమవుతుంది.

9.2 తొలి పాఠం: 1908, ఫ్రాన్స్

రైట్ సోదరులు 1903 డిసెంబరు 17న అమెరికాలోని కిట్టీ హాక్ దగ్గర ఎగిరారు. తమ విమానాన్ని ఐరోపావారికి చూపించాలని 1907లో ఒక విమానాన్ని విప్పి, పెట్టెల్లో సర్ది, ఓడలో ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ రేవుకు పంపారు. ఆ పెట్టెలు మరుసటి సంవత్సరం దాకా అక్కడే ఉండిపోయాయి. 1908 జూన్‌లో విల్బర్ రైట్ లె మాన్ పట్టణంలో వాటిని తెరిచి చూసేసరికి రెక్కల పక్కటెముకలు విరిగి ఉన్నాయి. రేడియేటర్లు నలిగిపోయాయి. బట్ట చిరిగింది. సరిగా సర్దలేదని తమ్ముడు ఆర్విల్‌ను తప్పుపడుతూ ఆయన కోపంగా ఉత్తరం రాశాడు. తప్పు ఆర్విల్‌ది కాదని తరువాత తేలింది. కస్టమ్స్ అధికారులు తనిఖీ కోసం పెట్టెలు తెరిచి, సామాను మళ్లీ ఎలాపడితే అలా కుక్కేశారు. విల్బర్ వారాల తరబడి మరమ్మతు చేసుకుని, ఆగస్టు 8న గాని ఎగరలేకపోయాడు.

ఈ సంఘటన నుంచి చరిత్ర విద్యార్థిగా మీరు గ్రహించవలసినవి రెండు ఉన్నాయి. మొదటిది, పెట్టెను సర్దినవాడే దానిని తెరుస్తాడన్న నమ్మకం లేదు. మధ్యలో తెరిచేవారికి కూడా లోపలి అమరిక అర్థమయ్యేలా ఉండాలి. రెండవది, నష్టం జరిగినప్పుడు నింద దగ్గరివారి మీద పడుతుంది. దారిలో ఏం జరిగిందో ఎవరూ రాసిపెట్టరు కాబట్టి అసలు కారణం ఆలస్యంగా బయటపడుతుంది.

ఆనాటి రైట్ విమానానికి చక్రాలే లేవు. అది పట్టా మీద జారి పైకి లేచేది, చెక్క స్కీల మీద దిగేది. కాబట్టి కాళ్లను ఎలా సర్దాలి అన్న సమస్య అప్పటికింకా పుట్టలేదు.

9.3 భారతదేశానికి పెట్టెల్లో వచ్చిన విమానాలు

1911 ఫిబ్రవరి 18న అలహాబాదులో ఆన్రీ పెకే అనే ఫ్రెంచి పైలట్ సుమారు 6,500 ఉత్తరాలతో యమున దాటి నైనీ చేరాడు. విమానంలో అధికారికంగా తపాలా పంపడం ప్రపంచంలోనే అది మొదటిసారి. ప్రయాణం పది పదిహేను నిమిషాలకు మించలేదు. కాని ఆ విమానం అలహాబాదు చేరడానికి వారాలు పట్టింది. అది ఓడలో, పెట్టెల్లో, విడిభాగాలుగా మన దేశానికి వచ్చింది. నైనీ దాకా జరిగిన చిన్న ప్రయాణం తపాలా బిళ్లలకు ఎక్కింది. ఓడలో జరిగిన పెద్ద ప్రయాణాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

ఆ రోజుల్లో విమానాల చక్రాలు స్థిరంగా ఉండేవి. కర్రతోనో ఇనుప గొట్టంతోనో చేసిన కాళ్లు దేహం కింద బయటికే కనిపించేవి. నాలుగు బోల్టులు తీస్తే కాళ్లు ఊడి వచ్చేవి. వాటిని వేరే పెట్టెలో పెట్టేవారు. 1920లలో, 1930లలో వేగం పెరిగే కొద్దీ బయటికి వేలాడే కాళ్లు గాలిని అడ్డుకుని వేగాన్ని తగ్గిస్తున్నాయని ఇంజనీర్లు గుర్తించారు. అందువల్ల ఎగిరాక కాళ్లు రెక్కల్లోకి ముడుచుకునే ఏర్పాటు వచ్చింది. 1933లో వచ్చిన బోయింగ్ 247, 1935 డిసెంబరు 17న తొలిసారి ఎగిరిన డగ్లస్ డీసీ-3 ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. మన పెద్దలు డకోటా అని పిలిచినది ఈ డీసీ-3 రకమే. దాని ప్రధాన చక్రాలు ముడుచుకున్న తరువాత కూడా కొంత భాగం బయటికే కనిపిస్తుంది.

ఈ మార్పు పెట్టెలు కట్టేవారి పనిని కష్టం చేసింది. ఇప్పుడు కాలు అంటే ఒక కర్ర కాదు. అందులో మడత కీలు, తాళం, నూనె గొట్టాలు లేదా గొలుసులు, తలుపులు ఉంటాయి. అది రెక్క ఎముకకే బిగించి ఉంటుంది. రెక్కను విప్పేవారు కాలు సంగతి తెలియకుండా రెక్కను ముట్టుకోలేరు.

9.4 బెంగళూరు, విశాఖపట్నం: ఒకే వ్యక్తి, రెండు పరిశ్రమలు

వాల్‌చంద్ హీరాచంద్ పేరు ఉత్తరాంధ్ర వారికి కొత్త కాదు. విశాఖపట్నంలో సింధియా సంస్థ నౌకా నిర్మాణ కేంద్రాన్ని స్థాపించినది ఆయనే. దానికి 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. నేటి హిందుస్థాన్ షిప్‌యార్డ్ అదే. దీనికి ఆరు నెలల ముందు, 1940 డిసెంబరు 23న, మైసూరు సంస్థానం సహకారంతో బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని కూడా ఆయనే స్థాపించారు. 1942లో భారత ప్రభుత్వం దానిని తన ఆధీనంలోకి తీసుకుంది.

ఆ కర్మాగారంలో మొదట కూర్చిన విమానం హార్లో పీసీ-5. అది శిక్షణ విమానం. దాని చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. దాని భాగాలు అమెరికా నుంచి ఓడలో వచ్చాయి. బెంగళూరులో కూర్చిన తరువాత 1941లో ఎగిరింది. 1942 జూలైలో కర్టిస్ హాక్ అనే యుద్ధ విమానాన్ని కూడా అదే విధంగా కూర్చి ఎగరేశారు.

ఈ రెండూ పూర్తిగా మనదేశంలో తయారైనవి కావు కాబట్టి కొందరు వీటిని తక్కువగా చూస్తారు. అది సరైన అంచనా కాదు. పెట్టెలోంచి తీసిన కాళ్లను రెక్కకు అమర్చి, అవి సరిగా ముడుచుకుంటున్నాయో, తిరిగి దిగి తాళం పడుతున్నాయో చూసే పనిలో తప్పు జరిగితే మొదటి ల్యాండింగులోనే ఆ సంగతి తెలిసిపోతుంది. ఆ పని చేసిన చేతులే తరువాత మరమ్మతులు నేర్చాయి, ఆపై నిర్మాణం నేర్చాయి. పరిశ్రమకు తొలి బడి ఆ పెట్టెలే.

అదే కాలంలో ఇతర దేశాల్లోనూ ఈ పద్ధతి పెద్ద ఎత్తున జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో మధ్యధరా సముద్రం ప్రమాదకరంగా మారడంతో బ్రిటన్ 1940 సెప్టెంబరు నుంచి హరికేన్ వంటి విమానాలను విప్పి, పెట్టెల్లో పశ్చిమ ఆఫ్రికాలోని టకోరాడి రేవుకు పంపింది. అక్కడ కూర్చి, ఆఫ్రికా ఖండం మీదుగా ఈజిప్టుకు ఎగరేసుకుపోయారు. ఇలా వేల సంఖ్యలో విమానాలు వెళ్లాయి. హరికేన్ చక్రాలు కూడా లోపలికి ముడుచుకునేవే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

1. 1908లో విల్బర్ రైట్ ఎదుర్కొన్న నష్టానికి అసలు కారణం ఏమిటి?
2. స్థిరమైన చక్రాలున్న విమానాన్ని, ముడుచుకునే చక్రాలున్న విమానాన్ని పెట్టెలో సర్దడంలో తేడా ఏమిటి?

9.5 సముద్ర తీరానికి చేరిన టీయూ-142

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. విశాఖపట్నం ఆర్.కె. బీచ్ రోడ్డులో ఉన్న పెద్ద విమానాన్ని మీలో చాలామంది చూసి ఉంటారు. అది సోవియట్ తయారీ టీయూ-142. సముద్రం మీద నిఘా కోసం, జలాంతర్గాములను కనిపెట్టడం కోసం భారత నౌకాదళం 1988 నుంచి ఈ రకం విమానాలను నడిపింది. మొదట గోవాలోని ఐఎన్ఎస్ హంసలో, తరువాత తమిళనాడులోని అరక్కోణంలో ఉన్న ఐఎన్ఎస్ రాజాలిలో ఇవి పనిచేశాయి. 2017 మార్చి 29న వీటికి సేవా విరమణ ఇచ్చారు.

వాటిలో ఒకదానిని 2017 ఏప్రిల్‌లో విశాఖపట్నంలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాకు ఎగరేసుకొచ్చారు. దాని చివరి గగన ప్రయాణం అదే. స్థావరం నుంచి బీచ్ రోడ్డుకు ఉన్న దూరం విమానానికి ఒక లెక్కలోది కాదు. అయినా ఆ కాస్త దూరం అది ఎగిరి వెళ్లలేదు, దొర్లుకుంటూ కూడా వెళ్లలేదు. దాని రెక్కల విస్తీర్ణం ఒక కొస నుంచి మరో కొసకు సుమారు 50 మీటర్లు. పొడవు 50 మీటర్లు దాటుతుంది. ఏ నగర రోడ్డూ దానికి చాలదు. కాబట్టి దానిని విప్పి, భాగాలుగా రోడ్డు మీద తరలించి, తీరం దగ్గర తిరిగి కూర్చారు. 2017 డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ మ్యూజియాన్ని ప్రారంభించారు.

అరక్కోణం నుంచి విశాఖ దాకా వందల కిలోమీటర్లు ఎగిరి రావడం దానికి తేలిక. అక్కడినుంచి బీచ్ దాకా సాగిన పనికి నెలలు పట్టాయి. అలహాబాదు కథ ఇక్కడ తిరగబడింది. అక్కడ పెట్టెలోంచి ఆకాశానికి, ఇక్కడ ఆకాశం నుంచి విడిభాగాలకు. రెండు చోట్లా విమానాన్ని మళ్లీ విమానంగా నిలబెట్టింది విప్పే క్రమం, కూర్చే క్రమం తెలిసినవారే.

టీయూ-142 ప్రధాన చక్రాలు లోపలి ఇంజన్ల వెనక రెక్కల మీద ఉన్న పొడవాటి తొడుగుల్లోకి ముడుచుకుంటాయి. ఈసారి బీచ్ రోడ్డుకు వెళ్లినప్పుడు ఆ తొడుగులను గమనించండి. విమానం కింద ఏ ఆధారాలు ఉన్నాయో, బరువు ఎక్కడ ఆనుతోందో చూసి రాసుకోండి.

9.6 కొత్తవలస చెప్పే కొలతల పాఠం

సరుకు ఎంత పెద్దదిగా ఉండవచ్చో నిర్ణయించేది సరుకు కాదు, దారి. ఇది అర్థం కావడానికి కొత్తవలస జంక్షన్ మంచి చోటు. హౌరా–చెన్నై ప్రధాన మార్గం నుంచి కిరండూల్ వెళ్లే మార్గం ఇక్కడే విడిపోతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడం కోసం 1960లలో ఆ మార్గాన్ని వేశారు. అనంతగిరి, అరకు కొండల మీదుగా వెళ్లే ఆ మార్గంలో 58 సొరంగాలు ఉన్నాయని చెబుతారు.

ఖనిజం ఎంత ఉన్నా వ్యాగన్ ఆకారంలో ఒదిగిపోతుంది. యంత్రం అలా ఒదగదు. సొరంగం నోటి కంటే వెడల్పైన వస్తువు ఏదైనా విప్పుకోవాలి, లేదా వేరే దారి వెతుక్కోవాలి. నిర్ణీత కొలతలు దాటిన సరుకును రైల్వేవారు ఓడీసీ అంటారు. దానికి ప్రత్యేక అనుమతి, నెమ్మదైన వేగం, తోడుగా మనుషులు అవసరమవుతారు. నమూనా విమానానికి కూడా ఇదే సూత్రం. పార్శిల్ కార్యాలయంలో అనుమతించే కొలతలు, బరువు ముందుగా అడిగి తెలుసుకుని, ఆ తరువాతే పెట్టె చేయించాలి. పెట్టె చేయించి కొలతలు అడగడం తలకిందుల పని.

9.7 నమూనా విమానాన్ని సిద్ధం చేసే క్రమం

చరిత్ర నుంచి గ్రహించిన సూత్రాలను ఇప్పుడు మన ఉదాహరణకు అన్వయిద్దాం.

మొదట రాత, తరువాత స్పానర్. ఏదీ విప్పక ముందు నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. ప్రతి వైరు కొసకూ, దాని జతకూ ఒకే అంకె రాసిన కాగితం అంటించండి. విప్పిన ప్రతి దశనూ వరుసగా రాయండి. అదే జాబితాను కింది నుంచి పైకి చదివితే కూర్చే క్రమం అవుతుంది. ఏ రెక్క బోల్టులను ఆ రెక్క పేరు రాసిన సంచిలో వేసి, ఆ రెక్కకే కట్టండి.

బ్యాటరీ, ఇంధనం. ఇంధనంతో నడిచే విమానమైతే ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టాలి. బ్యాటరీని తీసేయాలి. లిథియం బ్యాటరీలు నిప్పు పుట్టించగలవు కాబట్టి వాటి రవాణాకు వేరే నిబంధనలు ఉన్నాయి. పార్శిల్ కార్యాలయంలో చెప్పకుండా వాటిని పెట్టెలో పెట్టరాదు.

చక్రాలు లోపలికా, బయటికా? ఇది ముఖ్యమైన ప్రశ్న. విమానం దిగేటప్పుడు దెబ్బ కింది నుంచి పైకి, కొంత వెనక్కి వస్తుంది. కాలు ఆ దెబ్బకు తగినట్టు తయారవుతుంది. కాని పెట్టె లారీలో పక్కకు దొర్లినప్పుడు దెబ్బ పక్క నుంచి వస్తుంది. బయటికి చాచిన కాలు అప్పుడు మీటలా పనిచేస్తుంది. కాలు ఎంత పొడవైతే రెక్కలోని బిగింపు మీద అంత ఎక్కువ మెలి పడుతుంది. కాలు వంగకపోయినా దానిని పట్టుకున్న చెక్క చీలుతుంది. అందువల్ల ముడిచిన స్థితిలో కూడా తాళం పడే గేరు అయితే చక్రాలను లోపలికి ముడిచి పంపడం మేలు. అలా తాళం పడనిదైతే గేరును విప్పి వేరుగా పంపాలి. అదీ వీలుకాకపోతే చక్రాలు దేనికీ తగలకుండా రెక్కను ఊయలలా పట్టే ఫోమ్ దిమ్మల మీద నిలపాలి.

ముడిచే పద్ధతి. విద్యుత్తుతో పనిచేసే గేరును చేతితో నొక్కి ముడవకూడదు. లోపలి మర, పళ్లు అరిగిపోతాయి. బ్యాటరీ తీసే ముందే రిమోట్‌తో ముడిచి, ఆ తరువాత బ్యాటరీ తీయాలి. గాలితో పనిచేసే గేరు అయితే చక్రాలు లోపల తాళం పడ్డాయని చూసుకుని, ఆ తరువాత ట్యాంకులోని గాలిని వదలాలి. చక్రం గూటిలో మెత్తని ఫోమ్ ముక్క పెట్టి, బయట కాగితపు టేపు వేస్తే దారిలో జారి బయటికి రావు.

ఎర్ర రిబ్బను. నిజమైన విమానం నేల మీద ఉన్నప్పుడు చక్రాలు పొరపాటున ముడుచుకోకుండా పిన్నులు పెడతారు. ఎగిరే ముందు తీయడం మరచిపోకుండా వాటికి ఎర్ర రిబ్బను కడతారు. మీరు గూటిలో పెట్టిన ఫోమ్‌కు కూడా ఎర్ర గుడ్డముక్క కట్టండి. అవతల అందుకున్నవారు దానిని తీయకుండా బ్యాటరీ పెడితే, రిమోట్ స్విచ్ ‘కిందికి’ అని ఉంటే, మోటారు టేపుతో పోరాడి కాలిపోతుంది. స్విచ్ ‘పైకి’ ఉంచి బ్యాటరీ పెట్టాలని కాగితం మీద రాయండి.

బరువు ఆనించే చోటు. చక్రాల మీద గాని, రెక్క అంచుల మీద గాని, ప్రొపెల్లర్ మీద గాని బరువు ఆనరాదు. పెద్ద విమానాలను జాకీల మీద ఎత్తేటప్పుడు తయారీదారు గుర్తుపెట్టిన గట్టి చోట్లనే ఎత్తుతారు. మీ నమూనాలో ఆ గట్టి చోట్లు రెక్క మొదలు, దేహం లోపల అడ్డుపలకలున్న స్థానాలు. ఫోమ్ దిమ్మలు అక్కడే ఆనాలి.

కదలకుండా ఉండటం. మన మామిడి తోటల్లో కాయల మధ్య గడ్డి ఎందుకు కూరుతారో మీకు తెలుసు. కాయ మెత్తగా ఉండటం వల్ల కాదు, కదలడం వల్ల చితుకుతుంది. విమానానికీ పెట్టె గోడకూ మధ్య అన్ని వైపులా కనీసం నాలుగు వేళ్ల సందు ఉంచి, ఆ సందును నింపాలి. మూత వేసి మెల్లగా ఊపి చూడండి. లోపల ఏదైనా చప్పుడైతే మళ్లీ తెరవాలి. వానాకాలమైతే లోపల ప్లాస్టిక్ కవరు, తేమ పీల్చే పొట్లాలు అవసరం.

తెరిచేవారికి ఉత్తరం. మూత తీయగానే కనిపించేలా ఒక కాగితం ఉంచండి. ఏది మొదట తీయాలి, ఏది చివర తీయాలి, తిరిగి ఎలా పెట్టాలి అన్నది తెలుగులోనూ, అవతలివారికి అర్థమయ్యే భాషలోనూ రాయండి. బొమ్మ గీస్తే ఇంకా మంచిది. లె హావ్ర్ రేవులో పెట్టెలు తెరిచినవారికి అటువంటి కాగితం కనిపించి, వారు దానిని పాటించి ఉంటే విల్బర్‌కు వారాల మరమ్మతు తప్పేది.

9.8 చరిత్రకారుడి దృష్టి

ఇంతవరకు చెప్పిన పనుల్లో ప్రతిదీ ఏదో ఒక కాగితాన్ని మిగులుస్తుంది. జాబితా, అంకెల చీటీ, ఫొటో, పార్శిల్ రసీదు వంటివి. ఇవి పని పూర్తయ్యాక చెత్తబుట్టలోకి పోతాయి. అందుకే ప్రారంభోత్సవం చేసినవారి పేరు శిలాఫలకం మీద ఉంటుంది గాని, రెక్కను విప్పినవారి పేరు ఎక్కడా ఉండదు. శిలాఫలకం ఒక ఆధారం. విప్పుడు జాబితా కూడా ఆధారమే. మొదటిది ఎవరు నిలబడి ఫొటో దిగారో చెబుతుంది. రెండోది ఎవరికి ఏ పని వచ్చో చెబుతుంది.

దీనికి ఆచరణలో ఒక ఫలితం కూడా ఉంది. పనిచేసినవారి జ్ఞానం రాతలో లేకపోతే, వారు పదవీ విరమణ చేసిన రోజున అది పోతుంది. ఆ తరువాత అదే విమానాన్ని మరోచోటికి మార్చవలసి వస్తే కొత్తవారు ఊహించుకుంటూ విప్పాలి. మ్యూజియంలోని యంత్రానికి ఉప్పుగాలి ఎంత శత్రువో, మరచిపోయిన క్రమమూ అంతే.

9.9 సారాంశం

విమానం సరుకుగా ప్రయాణించడం దాని చరిత్రలో భాగం. 1908లో ఫ్రాన్స్‌లో జరిగిన నష్టం, 1911లో అలహాబాదు చేరిన పెట్టెలు, 1941లో బెంగళూరులో కూర్చిన హార్లో, 2017లో విశాఖ తీరాన నిలిచిన టీయూ-142 ఒకే పరంపరకు చెందినవి. ముడుచుకునే ల్యాండింగ్ గేర్ రాకతో విప్పడం, కూర్చడం మరింత నైపుణ్యం కోరే పని అయింది. చాచిన కాలు మీద పక్క నుంచి పడే బరువు రెక్కను దెబ్బతీస్తుంది కాబట్టి గేరును ముడిచి, తాళం చూసి, గట్టి చోట్ల ఆనించి పంపాలి. విప్పిన క్రమాన్ని రాసిపెట్టడం రవాణాకూ అవసరం, చరిత్రకూ అవసరం.

9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. భారతదేశ విమాన పరిశ్రమ తొలి దశలో విడిభాగాల కూర్పు పాత్రను చర్చించండి.
2. టీయూ-142ను మ్యూజియంగా మార్చిన తీరును 1911 అలహాబాదు ఉదాహరణతో పోల్చండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. నమూనా విమానాన్ని పంపేటప్పుడు చక్రాలను లోపలికి ముడవడం ఎందుకు మేలు?
2. సరుకు పరిమాణాన్ని దారి నిర్ణయిస్తుంది అన్న వాక్యాన్ని కొత్తవలస–కిరండూల్ మార్గం ఆధారంగా వివరించండి.

III. క్షేత్ర అభ్యాసం
మీ ఊళ్లో పెద్ద యంత్రాన్ని విప్పి తరలించిన అనుభవం ఉన్న ఒకరిని కలవండి. అది రైసు మిల్లు కావచ్చు, బోరు రిగ్గు కావచ్చు, గుడి రథం కావచ్చు. వారు ఏ క్రమంలో విప్పారు, గుర్తులు ఎలా పెట్టుకున్నారు, ఏది మరచిపోయి ఇబ్బంది పడ్డారు అన్నది వారి మాటల్లోనే రెండు పేజీలు రాయండి. వారి అనుమతి తీసుకుని, వారి పేరును మొదటి వాక్యంలో రాయండి.